బుజ్జి ప్రాణాలు: మీ ప్రశ్నలు, పశువుల డాక్టర్ జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది బెజవాడ పటమట. ఫ్రెండ్ వాళ్ల ఇంట్లో పుట్టిన లాబ్రడార్ కుక్కపిల్లని తెచ్చుకున్నాం, 32 రోజులు. రాత్రంతా ఏడుపే. గేదె పాలు పోస్తున్నాం, నిన్నట్నుంచి నీళ్ల మోషన్స్. వ్యాక్సిన్ వేయించేయమంటారా? స్నానం ఎప్పుడు?

జవాబు: తిడుతున్నాననుకోకు బాబూ, 32 రోజులకే తేవడం తొందరపాటు. 8 వారాలు తల్లి దగ్గర, తోడబుట్టినవాళ్ల దగ్గర ఉంటేనే ఆటలో ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్చుకుంటుంది, ఇప్పుడు ఆ పాఠం మీ చేతుల మీద నేర్చుకుంటుంది చూడు. గేదె పాలు ఈ పూట నుంచే ఆపేయండి, కుక్క పాలకంటే వాటిలో లాక్టోజ్ అనే పాల చక్కెర ఎక్కువ, అది అరక్కే చాలా పిల్లలకి మోషన్స్ పట్టుకుంటాయి. కానీ పాలే కారణమని ఇంట్లో కూర్చోవద్దు, నులిపురుగులు కావచ్చు, పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు, ఇంత చిన్నపిల్ల ఒక్క రోజులో నీరసించిపోతుంది, ఇవాళే చూపించండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉండనే ఉంది. మెడికల్ షాపులో మనుషుల బిళ్లలు కొని సగం విరిచి వేయడం మాత్రం వద్దు.

వ్యాక్సిన్ ఒంట్లో బాగయ్యాకే. 6 నుంచి 8 వారాల మధ్య మొదటిది, తర్వాత 3-4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. రేబిస్‌ది 3 నెలలకి. నులిపురుగుల మందు 3 నెలల దాకా 15 రోజులకోసారి, బరువు తూచే వేయాలి. ఈ సూదులన్నీ అయ్యేదాకా రోడ్డు మీద నడిపించొద్దు, పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి ఉంటుంది. స్నానానికి తొందరేం లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇక ఏడుపంటారా, తల్లి కోసం ఏడవదా మరి! మోషన్స్ పూర్తిగా తగ్గాక, మీ ఫ్రెండ్ ఒప్పుకుంటే, ఓ మూడు వారాలు తల్లి దగ్గరే వదిలేసి రండి. లేదంటే తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చి పక్కలో వేయండి.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట నుంచి. నాకు రెండో నెల అండి. నాలుగేళ్లుగా పెంచుకుంటున్న పిల్లి ఉంది, కడుపుతో ఉన్నప్పుడు పిల్లి ఉండకూడదు వదిలేసి రండి అని అత్తయ్య గారు పట్టుబట్టారు.

జవాబు: అత్తయ్య గారి భయం పూర్తిగా ఉత్తదేం కాదమ్మా, వదిలేయడం అనవసరం, అంతే. టాక్సోప్లాస్మా అని ఒక జీవి, పిల్లి మలంలో వస్తుంది, కడుపులో బిడ్డకి ప్రమాదమే. అయితే పిల్లికి మొదటిసారి సోకినప్పుడు ఓ రెండు మూడు వారాలే ఎక్కువగా బయటికొస్తుంది, ఆ మలం కూడా ఒక రోజు దాటాకే అంటుకునే స్థితికి వస్తుంది. కాబట్టి దాని ట్రే మీ ఆయన రోజూ ఎత్తెయ్యాలి, మీరు ముట్టుకోవద్దు. పచ్చి మాంసం దానికి పెట్టొద్దు, వీధుల్లోకి వదలొద్దు. నిజానికి సరిగ్గా ఉడకని మటన్, కడగని ఆకుకూర, కుండీల మట్టి వీటితోనూ అదే జబ్బు వస్తుంది, వాటి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు! ఒకవేళ వీధి పిల్లో కుక్కో గీరినా కరిచినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, రేబిస్ టీకా గర్భిణులకీ వేస్తారు. ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారు కదా? మిగతావి మీ లేడీ డాక్టర్‌ని అడగండి, నేను పశువుల డాక్టర్ని.

ప్రశ్న: మా వీధి కుక్క చూలుతో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: 25 రోజులు దాటాక స్కానింగ్‌లో తెలుస్తుంది. ఈనడానికి 63 రోజులు, కాస్త అటూ ఇటూ.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. గేదె తెల్లారుజామున ఈనింది. మాయ పడేదాకా దూడకి పాలు తాగించకూడదు అంటారు మా మామగారు, నిజమేనా?

జవాబు: ఇది మీ చేతికొచ్చేసరికి ఆ దూడ పెద్దదైపోయి ఉంటుంది, అందుకే ఫోన్లో అప్పుడే చెప్పేశాను, మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నా. మాయ కోసం ఆగొద్దు. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. రోగాన్ని ఆపే శక్తి దూడకి ఆ పాలతోనే వస్తుంది, దాన్ని పేగు పీల్చుకునేది మొదటి రోజే, గంటలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. 30 కేజీల దూడకి మొదటి రోజు 3 లీటర్ల దాకా, విడతలుగా. దూడ కుడిస్తే మాయ కూడా తొందరగా పడుతుంది. 12 గంటలైనా పడకపోతే చేత్తో లాగకుండా డాక్టర్‌ని పిలవండి. మామగారికి నా పేరే చెప్పండి, కోపం నా మీదే పెట్టుకోమనండి.