జీతం రాని కోడ్ రాస్తున్నాడని కంగారు పడుతున్నారా?

ప్రశ్న (సారాంశం): మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. కిందటేడాది హామ్ రేడియో (సొంత రేడియో సెట్టుతో దూరంలో ఉన్నవాళ్లతో మాట్లాడే అభిరుచి) లైసెన్సు తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి రాత్రిళ్లు ఎఫ్‌టీ8 అనీ, హామ్‌లిబ్ అనీ ఏవో ఓపెన్ సోర్స్ (కోడ్‌ని ఎవరైనా చూసి మార్చుకునేలా తెరిచి ఉంచే) సాఫ్ట్‌వేర్ల మీదే కూర్చుంటున్నాడు. ఎంత కోడ్ రాసినా పైసా రాదట. మా బంధువుల పిల్లలంతా ఏఐ కోర్సుల్లో చేరారు. వీడి చేత ఇది మాన్పించి అందులో చేర్చాలా? రెండింట్లో ఏది మేలు? – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుందండీ. సాఫ్ట్‌వేర్ పేరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, లోపలి భయం మాత్రం అదే. డబ్బు రాని పనికి అలవాటు పడ్డవాడు రేపు ఉద్యోగంలో నిలబడతాడా అన్నదే కదా మీ బెంగ? నిలబడతాడు. తప్పు ఎక్కడుందో దొరికేదాకా నిద్రపోని పిల్లవాడి గురించి నాకు దిగుల్లేదు.

ముందు అతను చేస్తున్న పనేమిటో తెలుసుకోండి. ఎఫ్‌టీ8 అనేది కంప్యూటర్ సాయంతో రేడియో మీద చిన్న సందేశాలు పంపుకునే, 2017లో వచ్చిన డిజిటల్ పద్ధతి. దాన్ని తయారు చేసిన ఇద్దరిలో ఒకరు జో టేలర్, 1993లో ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. చెవికి వినపడనంతగా రొదలో కలిసిపోయిన సిగ్నల్‌లోంచి కూడా ఈ సాఫ్ట్‌వేర్ సందేశాన్ని బయటికి తీస్తుంది. ఇందులో తప్పులు దిద్దడానికి వాడిన ఎల్‌డీపీసీ కోడ్లు 5జీలోనూ ఉన్నాయి. మీవాడి ఈసీఈ చదువుకి ఇది ఏమాత్రం దూరం కాదు.

ఇంత గొప్ప లెక్క వెనకాల ఉన్నా, మామూలు మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి సరదాపడి రేడియో కొని, కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపాడనుకోండి. కంప్యూటర్‌ని రేడియోతో మాట్లాడించేది హామ్‌లిబ్. తెర మీద ‘హామ్‌లిబ్ ఎర్రర్: ఐఓ ఎర్రర్ వైల్ ఓపెనింగ్ కనెక్షన్ టు రిగ్’ అని వస్తుంది, అంటే రేడియోతో కలవలేకపోయిందని. పోర్టు నంబరు తప్పు ఇచ్చి ఉండొచ్చు. ఇంకో ప్రోగ్రాం ఆ పోర్టును పట్టుకుని ఉండొచ్చు. లినక్స్ అయితే పోర్టు వాడే అనుమతి ఉన్నవాళ్ల ‘డయలౌట్’ గ్రూపులో ఆయన పేరు లేకపోవచ్చు. చవక కేబుల్లో నకిలీ చిప్ ఉంటే విండోస్ డ్రైవరు దాన్ని ఒప్పుకోకపోవచ్చు. కారణం ఏదైనా ఆయనకి కనిపించేది ఆ ఒక్క లైనే. అది దాటాక గడియారం సంగతి. ఎఫ్‌టీ8 పదిహేనేసి సెకన్ల వంతులతో నడుస్తుంది. కంప్యూటర్ టైము కొన్ని సెకన్లు అటూ ఇటూ అయితే సిగ్నల్ చారలు కనిపిస్తూనే ఉంటాయి గానీ ఒక్క అక్షరం రాదు. ఎందుకు రావట్లేదో చెప్పేవాళ్లుండరు. ఆయన విసుగొచ్చి పక్కన పెట్టేస్తాడు.

రాసినవాళ్లని తప్పుపట్టలేం. హామ్‌లిబ్ 2000 నుంచీ నడుస్తోంది, రెండు వందలకు పైగా రేడియో మోడళ్లతో మాట్లాడుతుంది. అవన్నీ కొని ఇంట్లో పెట్టుకుని పరీక్షించే స్తోమత ఏ వాలంటీరుకుంటుంది? చాలా హ్యాండ్‌సెట్ల లోపలి వివరాలు కంపెనీలు బయటపెట్టవు. హ్యాండ్‌సెట్లలో చానళ్లు నింపే చర్ప్ అనే ప్రోగ్రాం కోసం వాటి మెమరీని తవ్వి, ఏ బైటు ఏం చేస్తుందో ఊహించి డ్రైవర్లు రాస్తారు. ఈ పనికి ఓపిక కావాలి, రేడియో తెలియాలి, ఆపరేటింగ్ సిస్టం తెలియాలి, అన్నిటికంటే ముందు అవతల కూర్చున్న మనిషి అవస్థ తెలియాలి. ఆ ఎర్రర్ లైను స్థానంలో ‘ఈ పోర్టును వేరే ప్రోగ్రాం వాడుతోంది, దాన్ని మూసి మళ్లీ ప్రయత్నించండి’ అని వచ్చేలా చేయగలిగినవాడు ఎంబెడెడ్ (పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) పనికీ, వైర్‌లెస్ టెస్టింగ్‌కీ పనికొస్తాడు.

ఇది కాలక్షేపం వ్యవహారం అనుకోకండి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి చెందిన భారతీ ప్రసాద్ బృందం అప్పటికే అండమాన్‌లో ఉంది. ఫోన్లు పోయిన చోటు నుంచి హామ్ రేడియో మీదే కబుర్లు చేరవేశారు. అలాంటి చోట లాప్‌టాప్‌తో పని చేయాల్సి వచ్చి, తెర మీద ఆ అర్థంకాని లైను పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక నా అనుమానాలు చెప్పాలి. ఏఐ కోర్సు చెడ్డదనను. కానీ టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతుకుతారు, ఇళ్ల ధరలు ఎంత ఉంటాయి అంటూ అందరూ చేసిన ప్రాజెక్టులే చేయించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సుకి మీరు అప్పు చేసి ఫీజు కట్టొద్దు. ఇంటర్వ్యూ చేసేవాళ్ల ముందు ఆ రెజ్యూమేలు దొంతరలుగా ఉంటాయి.

ఓపెన్ సోర్స్ మోజు మీద నాకు ఇంకా పెద్ద అనుమానం ఉంది. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్‌ని ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, ప్రాజెక్టులకి నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. ఒక వీడియో చూసి, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ లాంటి ముక్కలు చేర్చి పంపినవాళ్లు కోకొల్లలు. ప్రాజెక్టులు నడిపేవాళ్లు ఉక్కిరిబిక్కిరయ్యారు, నిర్వాహకులు మధ్యలోనే నిబంధనలు మార్చాల్సి వచ్చింది. అందులో మన దేశపు విద్యార్థుల పేరు బాగా చెడింది. మీవాడూ కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో, మార్పు పంపిన రోజుకల్లా పడే పచ్చ గళ్లు నింపుకోవడానికే కూర్చుంటుంటే మీ భయం సబబే. ఎలా తెలుస్తుందంటారా? అతను పంపిన ఏదో ఒక మార్పు కింద జరిగిన సంభాషణ చూపించమనండి. ‘ఇది ఏ రేడియో మీద పరీక్షించావు?’ లాంటి ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులిచ్చి, చెప్పినట్టు దిద్ది మళ్లీ పంపాడా? దీనికి మీకు కోడ్ రానక్కర్లేదు.

ఒక మాట అంటే నొచ్చుకోకండి. మీ ఉత్తరంలో బంధువుల పిల్లల కోర్సులూ ఫీజులూ ప్యాకేజీలూ వివరంగా ఉన్నాయి. మీ అబ్బాయి ఏం తయారు చేశాడో ఒక్క ముక్క లేదు. మూడేళ్లు ఫీజు కట్టిన తండ్రికి అది తెలియకపోవడం తప్పు. అడగకుండానే మాన్పించాలనుకోవడం ఇంకా తప్పు.

‘హామ్ రేడియో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’ అనే ఉద్యోగం దాదాపు ఉండదు, ఆ భ్రమ అతనికీ వద్దు. దగ్గర దారులు మాత్రం ఉన్నాయి. హైదరాబాద్‌లోనే డీఎల్‌ఆర్‌ఎల్ (రక్షణ పరిశోధన ప్రయోగశాల), ఈసీఐఎల్ (ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ) లాంటి సంస్థలు రేడియో, ఎలక్ట్రానిక్స్ పనే చేస్తాయి. ప్రైవేటులో వైర్‌లెస్ చిప్పులు, శాటిలైట్ గ్రౌండ్ స్టేషన్లు, రేడియో పనిని చాలావరకు సాఫ్ట్‌వేరే చేసే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో ఉన్నాయి. వీటికోసం సీ, పైథాన్, సిగ్నల్ ప్రాసెసింగ్ గట్టిగా పట్టాలి. బ్యాక్‌లాగ్ ఒక్కటీ ఉండకూడదు, క్యాంపస్ కటాఫ్‌కి తగ్గకూడదు. పరీక్షలు నెల ఉందనగా రాత్రి కూర్చోవడం ఆపమని మీరు గట్టిగానే చెప్పొచ్చు. ఏఐ సంగతి ఫైనలియర్‌లో చూసుకోవచ్చు. దానికి కావాల్సిన ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా అతను ఇప్పుడు చేస్తున్న పనిలోనే వాడుతున్నాడు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. సాఫ్ట్‌వేర్ ఎలా పెట్టుకోవాలో తెలుగులో ఒక పేజీ రాసిమ్మని మీ అబ్బాయిని అడగండి. అతను నోరు మెదపకుండా పక్కన కూర్చోవాలి, మీరు ఆ పేజీ చూసుకుంటూ మీ చేత్తో అంతా చేయాలి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి పేజీ తిరిగి ఇచ్చేయండి. అవి దిద్ది ప్రాజెక్టువాళ్లకి పంపిస్తే, వచ్చే ఏడాది ఇంటర్వ్యూలో అతను చెప్పుకోవడానికి అదే పనికొస్తుంది.