ఇంగ్లీష్ టెన్సుల్లో సింపుల్ పాస్ట్‌కీ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కీ తేడా ఎంత చదివినా ఎందుకు ఎక్కట్లేదు?

సింపుల్ పాస్ట్‌లో "ఐ ఏట్" అన్నా ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో "ఐ హావ్ ఈటెన్" అన్నా తెలుగులో తిన్నాననే కదా, మరి రెండెందుకు అని అడిగారు. నాకూ చాలా ఏళ్ళు ఇదే గోల. మా తెలుగు మీడియం బళ్ళో సారు బోర్డు మీద పన్నెండు గళ్ళ పట్టిక గీసి గో వెంట్ గాన్ అని ఎక్కాల్లా అప్పజెప్పించేవారు, మార్కులు కూడా బానే వచ్చేవి, నోరు తెరిస్తే మాత్రం ఒక్క ముక్క వచ్చేది కాదు.

అసలు దెబ్బ ఫోన్ ఇంటర్వ్యూలో తగిలింది. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం, మూడేళ్ళయింది, ఇంకో కంపెనీకి ట్రై చేస్తున్నా, ఎవరైనా వింటారేమోనని ఆఫీసు మెట్ల మీద నక్కి మాట్లాడుతున్నా. ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి అన్నాడాయన. "ఐయామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్" అని నోటిదాకా వచ్చింది, అది తప్పని ఎవరో అన్నట్టు గుర్తొచ్చి టక్కున మార్చేసి "ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్" అనేశా. ఎందుకు మానేశారు అన్నాడు! మానలేదు సార్ అని నేను, మరి వర్క్‌డ్ అన్నారుగా అని ఆయన. చివరికి ఆయనే "ఓ, యూ హావ్ బీన్ వర్కింగ్" అని అందించాడు. ఉద్యోగం రాలేదనుకోండి.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, మనకి "మూడేళ్ళ నుంచి" అనడంలోనే పనైపోతుంది, చేస్తున్నా అంటే చాలు. ఇంగ్లీష్‌లో ఆ "నుంచి" బరువులో సగం క్రియ కూడా మోయాలి, అందుకే ఆ హావ్ బీన్. అమీర్‌పేటలో ఫీజు కట్టించుకుని మళ్ళీ అదే పన్నెండు గళ్ళు గీస్తారు తప్ప ఈ ఒక్క మాట ఎవడూ చెప్పడు.

ఇక మీ తిన్నాను సంగతి. నిన్న, పోయినేడు, 2019లో, ఇలా ఎప్పుడన్నది వాక్యంలో చెప్పేస్తే హావ్ జోలికి పోకండి, ఐ ఏట్ చాలు. ఎప్పుడన్నది అనవసరం, ఇప్పుడు కడుపు నిండుగా ఉంది, వడ్డించక్కర్లేదు అని చెప్పాలంటే హావ్ ఈటెన్. అయినా అమెరికా వాళ్ళు "డిడ్ యూ ఈట్ యెట్?" అని హాయిగా అడిగేస్తారు, వాళ్ళని ఏ సారూ బెంచీ ఎక్కించడు, మనకే ఈ రూల్సన్నీ.

నిజానికి ఇలాంటి తేడాలు మనకీ ఉన్నాయి, గమనించం అంతే. తిరుపతి వెళ్ళాడు, తిరుపతి వెళ్ళొచ్చాడు, రెండూ ఒకటేనా? హాజ్ గాన్ అంటే మనిషింకా రాలేదు, హాజ్ బీన్ అంటే వచ్చి లడ్డూలు కూడా పంచేశాడు.