తోడల్లుడికి ఆరు నెలలుగా వడ్డీ వస్తోంది: అది దేనికి రుజువు?

ప్రశ్న: నేను కావలిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, వయసు 64. పదవీ విరమణ సొమ్ము రూ.12 లక్షలు బ్యాంకులో ఉంది. రొయ్యల సాగు చేస్తున్నామంటున్న ఒక సంస్థ నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ ఇస్తామంటోంది. మా తోడల్లుడు రూ.5 లక్షలు పెట్టగా ఆరు నెలలుగా ఠంచనుగా అందుతోంది. రిజిస్ట్రేషన్ పత్రం, గుంటల ఫొటోలు చూపించారు. ఈ ఆదివారం లోపు చేరితే అర రూపాయి అదనమట. చేరవచ్చునా?

జవాబు: మాస్టారూ, చేరవద్దనే నా సలహా. మీకు చూపిన ఆధారాలను ఒక్కొక్కటిగా తీసుకుని ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ సంస్థ మోసం చేసేదే అయినా ఇది ఇలాగే కనిపించేదా? కనిపించేదే అయితే ఆ ఆధారాన్ని లెక్కలోంచి తీసేయండి.

మిమ్మల్ని ఎక్కువగా నమ్మించినది మీ తోడల్లుడి అనుభవమేనని తోస్తోంది. నెలకు రూ.15,000 చొప్పున ఆయనకు ఇప్పటికి అందినది రూ.90,000. ఆ సంస్థ ఒక్క రొయ్యపిల్లనైనా గుంటలో వదలకుండా, ఆయన ఇచ్చిన డబ్బులోంచే ఆయనకు 33 నెలల పాటు వడ్డీ కట్టగలదు. మధ్యలో మీ రూ.12 లక్షలు వచ్చి చేరితే ఆ బండి ఇంకొంత కాలం నడుస్తుంది. 1920లో అమెరికాలోని బోస్టన్‌లో చార్లెస్ పోంజీ 45 రోజుల్లో 50 శాతం లాభమని ఆశ చూపినప్పుడు కూడా తొలుత చేరినవారికి సొమ్ము సక్రమంగానే ముట్టింది, వారిని చూసే మిగిలినవారు ఎగబడ్డారు. అసలు మొత్తం వెనక్కి అడిగి చూడమని మీ తోడల్లుడికి చెప్పండి. సాకులు చెబితే సంగతి తేలిపోయినట్లే. ఇచ్చేస్తే మాత్రం సందేహం పూర్తిగా తీరదు, ఎందుకంటే పేరు నిలబెట్టుకోవడానికి మొదట్లో కొందరికి అసలు కూడా తిరిగి ఇస్తుంటారు.

కంపెనీ నమోదు పత్రమూ, జీఎస్టీ నంబరూ ఆ పేరుతో ఒక సంస్థ ఉన్నదని మాత్రమే చెబుతాయి. ప్రజల నుంచి డిపాజిట్లు సేకరించడానికి అనుమతి వేరే ఉండాలి. అది లేని పథకాలను 2019 నాటి చట్టం నిషేధించింది. రిజర్వు బ్యాంకు వారి ‘సచేత్’ పోర్టల్‌లో ఆ పేరు వెతికించండి. ఇక ఫొటోలంటారా, గట్టు మీద నిలబడి ఎవరి గుంటనైనా ఫొటో తీయవచ్చు.

వ్యాపారం సంగతి అల్లూరు, విడవలూరు వైపు గుంటలు వేసిన రైతు ఎవరైనా మీకు చెప్పగలరు. వనామీ రకం రొయ్య మూడు నాలుగు నెలలకు గాని పట్టుబడికి రాదు, ధర కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి మారుతుంది, వైట్ స్పాట్ అనే తెగులు తగిలితే మేత ఖర్చు కూడా గిట్టదు. ఇంత ఎగుడుదిగుడుగా వచ్చే రాబడిలోంచి నెలనెలా తప్పకుండా మూడు రూపాయలు ఎలా పుడుతున్నాయో ఆడిట్ అయిన లెక్కలతో చూపమని అడగండి. మత్స్య సాగుదారులకు కిసాన్ క్రెడిట్ కార్డు రుణాలు 2018-19 బడ్జెట్‌లోనే ప్రకటించినప్పుడు, ఏడాదికి 36 శాతం వడ్డీకి మీ దగ్గర ఎందుకు తీసుకుంటున్నారో కూడా అడగండి.

పోస్టాఫీసులోని సీనియర్ సిటిజన్ పొదుపు పథకం రేటును 2023 ఏప్రిల్‌లో 8.2 శాతం చేశారు. ఆ లెక్కన మీ సొమ్ముపై మూడు నెలలకొకసారి రూ.24,600 వస్తుంది, మీరు చేరే రోజున ఉన్న రేటును అక్కడే కనుక్కోండి. ఈ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి ఆ ఏజెంటుకు ఇచ్చి, జవాబులు కూడా రాతపూర్వకంగానే ఇమ్మనండి. అర రూపాయి అదనం మాటకు తొందరపడకుండా, ఆదివారం గడిచాకనే ఆయనను పిలిపించండి.