మహేంద్రగిరి ఎక్కబోయే మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

శివరాత్రికి స్నేహితులతో మహేంద్రగిరి నడిచి ఎక్కుతావట కదా. జీపులు పోయే దారుండగా నడకేటని మీ అమ్మ ఫోనులో ఒకటే గోల. నాకు మాత్రం లోపల్లోపల సంతోషమే, మనింట్లో కొండంటే మనసు పడేవాడు ఇంకొకడు తేలాడని. కానీ దానికోసం కొత్త బూట్లు కొన్నావని కూడా చెప్పింది చూడు, అక్కడ గుండె గుభేలుమంది.

నీళ్ళు, టార్చి సంగతి నీకు చెప్పక్కర్లేదు. 1,501 మీటర్ల కొండ, పైన చలి, స్వెట్టరు మరిచిపోకు. ఇక కాళ్ళ సంగతి విను.

మీ నాన్న నీకెప్పుడూ చెప్పి ఉండడు. నువ్వు పాలు తాగే పిల్లాడివప్పుడు. వాడూ ఇలాగే శివరాత్రికి బయల్దేరుతూ, ముందురోజు పొద్దున్నే పర్లాకిమిడి బజార్లో కేన్వాసు బూట్లు కొన్నాడు. వేళ్ళు ముందుకి ఆనుతున్నాయంటే "నడిస్తే అవే సాగుతాయిలే" అన్నాడు. సాక్సు లేవు. సగం కొండకే మడమ మండిందట. ఆగితే తోటివాళ్ళు నవ్వుతారని ఆగలేదు మహానుభావుడు! దిగేసరికి రూపాయి బిళ్ళంత పొక్కు. ఇంటికొచ్చి ఆ తోలు గోటితో పీకేసి, పసుపు అద్ది పడుకున్నాడు.

నేనప్పుడు డ్యూటీ మీద సవర ఊళ్ళలో ఉన్నాను. వచ్చేసరికి మడమంతా చీము, పాదం వాచి ఎర్రగా కాలిపోతోంది. ఆసుపత్రికి లాక్కెళ్తే రక్తపరీక్షలో షుగరు బయటపడింది. అంతవరకూ ఎవరికీ తెలీదు. నర్సుగా ఎందరి పుళ్ళో కడిగిన దాన్ని, తమ్ముడి మడమ కడుగుతుంటే చేతులు వణికాయిరా. కాలు దక్కింది, అదే పదివేలు.

అందుకని ముందు నువ్వు షుగరు చూపించుకో. నవ్వకు. షుగరు ముదిరి పాదాల్లో నరాలు మొద్దుబారితే బూటు కరుస్తున్నా తెలీదు.

ఆ బూట్లు సాయంత్రంపూట, సాక్సు తొడిగి, మళ్ళీ వేసి చూడు. పొద్దంతా తిరిగాక పాదం కాస్త పొంగుతుంది. నిలబడితే వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. రెండు పాదాలూ ఒక్కలా ఉండవు, పెద్దదాని కొలతే కొలత. సరిపోకపోతే మొహమాటపడకుండా మార్చుకో. సరిపోతే ఇప్పట్నుంచే మహేంద్రతనయ ఏటి గట్టున రోజూ తిప్పు. నూలు సాక్సు వద్దు, చెమట పీల్చి తడిగానే ఉంటాయి, తడిసిన చర్మం ఇట్టే లేచిపోతుంది. దిగేటప్పుడు లేసులు చీలమండ దగ్గర బిగించు, లేకపోతే పాదం ముందుకి జారి గోళ్ళు నలుగుతాయి.

ఎక్కడైనా వేడిగా చురుక్కుమంటే అక్కడే ఆగి టేపు అంటించు. పొక్కు వస్తే తోలు పీకొద్దు, లోపలి పచ్చి చర్మానికి అదే కాపు.

నీ పాత బూట్లు పారేశావా? పారేయకపోతే బోర్లించి చూడు. మడమ వెనక బయటి అంచు కొంచెం అరిగితే భయం లేదు, చాలామందికి అడుగు అక్కడే ముందు పడుతుంది. లోపలి అంచు అరిగి బూటు లోపలికి ఒరిగిందా, నీది చదును పాదమేమో. తడికాలు సిమెంటు గచ్చు మీద పెట్టి చూడు, మధ్యలో వంపు లేకుండా అచ్చు నిండుగా పడితే నాతో చెప్పు. ఒక్క బూటే ఎక్కువ అరిగితే ఇంకో లెక్క. నా కుడి చెప్పే ముందు అరుగుతుంటే, బజార్లో చెప్పులు కుట్టే ముసలాయన మడమ మీద వేలితో రాస్తూ "అమ్మా, బరువు ఏ భుజాన మోస్తావు?" అన్నాడు. టీకాల డబ్బా ఎప్పుడూ కుడి భుజానే! ఆ రోజు నుంచీ దారిలో భుజం మార్చేదాన్ని. నీ సంచికి రెండు పట్టీలున్నాయి కదా, రెండూ తగిలించుకో, స్టైలుగా ఒకవైపు వేలాడదీయకు.

మీ నాన్న తోడొస్తానంటాడు. జీపులో రమ్మను.

దిగాక ఎంత రాత్రయినా సరే సాక్సు తీసి రెండు మడమలూ ఫొటో తీసి పంపు. గుడి దగ్గర నీ మొహం ఫొటో తెల్లారి పంపినా పర్లేదు.

మీ అత్త