ఫ్యాన్ కంటే ముందు వైరు చూడు, అల్లుడూ

అల్లుడూ,

ఫోన్‌లో చెబితే సగం వింటావు, పానా చేతిలోకి రాగానే ఆ సగం కూడా మర్చిపోతావు. అందుకే రాసి పంపుతున్నాను. డాష్‌బోర్డులో పెట్టుకో.

ఇంజన్ ఫ్యాన్ తీసేసి రెండు కరెంటు ఫ్యాన్లు బిగిస్తానన్నావు. వద్దనను, నా పాత వ్యాన్‌కు నేనూ చేశాను. కానీ బండి వేడెక్కుతోందని మార్చేటట్టయితే ఆగు. ఇన్నేళ్లూ బోరు నీళ్లే పోశావు, రేడియేటర్ గొట్టాల్లో సున్నం పేరుకుని ఉంటుంది. నీళ్లు లోపల కదలకుంటే బయట ఎంత గాలి తోలినా ఏం లాభం? విప్పించి కడిగించు. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించు. ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వ్‌ను కూడా వేడినీళ్ల గిన్నెలో వేసి చూడు. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో దాని మీదే ముద్ర ఉంటుంది, చాలావాటికి 82 లేదా ఆ దరిదాపుల్లో.

ఇంకొకటి. నీ ఫ్యాన్‌కు విస్కస్ క్లచ్ (వేడెక్కినప్పుడే ఫ్యాన్‌ను గట్టిగా తిప్పే, లోపల ఆయిల్ ఉండే క్లచ్) ఉంటే, బండి బాగా తిరిగి వచ్చాక ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, ఫ్యాన్‌ను చేత్తో తిప్పు. బరువుగా తిరగాలి. గాలిపటం చక్రంలా గిర్రున తిరిగిందంటే లోపలి ఆయిల్ కారిపోయినట్టు. అలాంటప్పుడు క్లచ్ మారిస్తే సరిపోతుంది, ఈ తిప్పలన్నీ అక్కర్లేదు.

ఇక మైలేజీ. ఎప్పుడూ ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్యాన్ అయితే కొంత కలిసొస్తుంది. విస్కస్ ఫ్యాన్ అవసరం లేనప్పుడు ఎలాగూ సగం విశ్రాంతిలోనే ఉంటుంది కనుక పెద్ద తేడా రాదు. కరెంటు ఫ్యాన్ అసలు లాభం జామ్‌లో. ఐడిలింగ్‌లో ఇంజన్ ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది, కరెంటు ఫ్యాన్‌కు ఇంజన్ స్పీడుతో పని లేదు.

నేను దెబ్బతిన్నది కూడా జామ్‌లోనే. 2014లో మేడారం జాతరకు పోతున్నాం. బండి నిండా జనం, వెనక బంగారం (అదే, అమ్మవార్లకిచ్చే బెల్లం) మూటలు. పస్రా దాటాక బండ్లు చీమల్లా పాకుతున్నాయి. ఫ్యాన్లు రెండూ బాగానే తిరుగుతున్నాయని ధీమాగా ఉన్నాను. ఉన్నట్టుండి ప్లాస్టిక్ కాలిన వాసన, వెంటనే ఫ్యాన్ల చప్పుడు బంద్. టెంపరేచర్ ముల్లు ఎర్రగీతకు పోయింది. బానెట్ ఎత్తి చూస్తే తాళం దగ్గర నుంచి తీసుకున్న సన్నటి వైరు తోలు కరిగి రాగి బయటపడి ఉంది. ఫ్యాన్లకు ఏమీ కాలేదు. వైరు తప్పు, అంటే నా తప్పు. జనం మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయారు.

ఒక్కో ఫ్యాన్ 12 ఆంపియర్లు తీసుకుంటుందనుకో, స్టార్ట్ అయ్యే క్షణంలో అంతకు రెండు మూడింతలు లాగుతుంది. అందుకని ఒక్కో ఫ్యాన్‌కు విడిగా 40 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), విడిగా 30 ఆంపియర్ల ఫ్యూజు, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వెయ్యి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఒకటి పోయినా రెండోది నిన్ను ఇంటికి చేరుస్తుంది. తాళం నుంచి వచ్చే సన్న వైరు రిలేను లేపడానికి మాత్రమే. ఎర్త్ పెట్టేచోట రంగు గీకి తెల్లటి ఇనుము కనపడాలి.

ఫ్యాన్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్, థర్మోస్టాట్ వాల్వ్ తెరుచుకునే వేడి కంటే పైన పని చెయ్యాలి. 92కు ఆన్, 87కు ఆఫ్ అయ్యేది తీసుకో. 80కి పెడితే ఫ్యాన్ ఇక ఆగదు. డాష్‌బోర్డు మీద చిన్న బల్బు, నేరుగా నడిపే స్విచ్ ఒకటి పెట్టుకో. ఆ బల్బు ఉంటే ఫ్యాన్లకు కరెంటు అందుతోందో లేదో కూర్చున్నచోటే తెలుస్తుంది.

డైనమో లెక్క కూడా చూడు. నీది 55 ఆంపియర్లదైతే, ఐడిలింగ్‌లో అంత ఇవ్వదు. రాత్రి జామ్‌లో హెడ్‌లైట్లకు 10 దాకా, బ్లోయర్‌కు దాదాపు అంతే, ఫ్యాన్లకు 24. మిగతాది బ్యాటరీ నుంచే పోతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టకపోతే ఫ్యాన్లను తిట్టకు.

బిగించేటప్పుడు రేడియేటర్ జాలిలోంచి ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి కట్టనివ్వకు. పని తొందరగా అవుతుంది కానీ బండి అదురుకు రాసుకుని గొట్టం చిల్లు పడుతుంది. రేకుతో కవర్ చేయించి, జాలికి రెండు వేళ్ల దూరంలో ఫ్యాన్లు పెట్టు. కవర్ లేకుంటే ఫ్యాన్ ఎదురుగా ఉన్న గుండ్రటి భాగానికే గాలి అందుతుంది, మూలలు వేడిగానే ఉంటాయి. ఫ్యాన్ తిరిగేటప్పుడు గ్రిల్ ముందు న్యూస్‌పేపర్ ముక్క పెట్టు. అతుక్కోవాలి. ఎగిరిపోయిందంటే వైర్లు తారుమారైనట్టు.

పాత ఫ్యాన్ విప్పే చోట జాగ్రత్త. కొన్ని బండ్లలో ఫ్యాన్‌ను, వాటర్ పంపు పుల్లీని పట్టేది అవే నాలుగు బోల్టులు. ఫ్యాన్ తీశాక అవే తిరిగి వేస్తే, ఫ్యాన్ మందం లేదు కాబట్టి కొసలు అడుగున తగిలి ఆగిపోతాయి. పానాకు బిగిసినట్టే ఉంటుంది, పుల్లీ మాత్రం కదులుతూనే ఉంటుంది. పొట్టి బోల్టులు వెయ్యి. ఫ్యాన్ బెల్టు అన్నారని దాన్ని కూడా తీసి పారేయకు, పంపును, డైనమోను నడిపేది అదే!

అన్నీ అయ్యాక మధ్యాహ్నం ఎండలో అరగంట నిలబెట్టి చూడు. తర్వాత నిండు లోడుతో నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కించు. స్పీడు తక్కువ, బరువు ఎక్కువ, ఎదురుగాలి ఉండదు. అక్కడ ముల్లు కదలకపోతే నీ పని గట్టిదే. కదిలితే పాత ఫ్యాన్ తిరిగి బిగించుకో, నామోషీ ఏం లేదు. దాన్ని గోనెసంచిలో చుట్టి వెనక సీటు కింద ఉంచు.

బోల్టుల పొడవు కొలిచి చెప్పు. నా డబ్బాలో పొట్టివి కొన్ని ఉన్నాయి. రాఖీకి మీ అమ్మ వస్తుంది కదా, ఇచ్చి పంపిస్తాను.

మామ,
హన్మకొండ