తీరం వెంట ఇసుక లెక్కలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన రాతికట్ట పక్కన ఏడాదిలో 20,000 చదరపు మీటర్ల కొత్త బీచ్ ఏర్పడింది. నీటిమట్టంపైన దాని ఎత్తు 2 మీటర్లు కాబట్టి 40,000 ఘనపు మీటర్ల ఇసుక మేట వేసిందని లెక్కగట్టాం. సెర్క్ సూత్రం (అలల ఎత్తు, కోణాలను బట్టి తీరం వెంట కదిలే ఇసుకను అంచనా వేసేది) వాడిన మా మోడల్ మాత్రం 1,80,000 చూపిస్తోంది. ఆ సూత్రంలోని గుణకాన్ని తగ్గించి సరిపెట్టవచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. అసలు తప్పు గుణకం కింద దాగిపోతుంది. మీరు లెక్కలోకి తీసుకున్నది పైకి కనిపించే ఇసుక ఒక్కటే. ఒడ్డు ముందుకు జరిగితే నీటి అడుగున వాలు కూడా దానితోపాటే జరుగుతుంది, అలలు అడుగును చెప్పుకోదగ్గంతగా కదపలేని లోతు దాకా. హాలర్‌మేయర్ సూత్రం ప్రకారం, ఏడాదిలో 12 గంటలు మాత్రమే మించే అల ఎత్తు 3 మీటర్లు, వ్యవధి 9 సెకన్లు అయితే ఆ లోతు సుమారు 6 మీటర్లు. అంటే చదరపు మీటరు బీచ్‌కు 2 కాదు, 8 ఘనపు మీటర్లు. మీ 40,000 కాస్తా 1,60,000 అవుతుంది. కట్ట కొన అంత లోతు దాకా లేకపోతే కొంత ఇసుక కొనను చుట్టి అవతలికి పోతుంది, అది మీ కొలతలో ఉండదు. ఎకో సౌండర్‌తో (ధ్వనితో లోతు కొలిచే పరికరం) ఏడాది తేడాలో రెండుసార్లు అడుగు కొలవడమే నమ్మదగ్గ దారి.

ఇంకా తేడా మిగిలితే గుణకం ఏ ఎత్తుకు చెందిందో చూడండి. 0.39 సిగ్నిఫికెంట్ ఎత్తుకు (అలల్లో పెద్దవైన మూడో వంతు సగటు), 0.77 ఆర్‌ఎంఎస్ ఎత్తుకు (అన్ని ఎత్తుల వర్గాల సగటుకు వర్గమూలం). తారుమారైతే ఫలితం రెట్టింపో సగమో అవుతుంది.

ఎక్కువ మోసం చేసేది మాత్రం అలల వరుసకూ తీరరేఖకూ మధ్య కోణం. అలలు విరిగే చోట అది 5 డిగ్రీలైతే వచ్చే ఇసుక రవాణా, 10 అయితే దాదాపు రెట్టింపు. మ్యాప్‌లో తీరం దిశను 5 డిగ్రీలు తప్పుగా గీయడం చాలా తేలిక. కోణం చిన్నగా ఉన్నచోట ఆ పొరపాటుతో నికర రవాణా (రెండు వైపుల కదలికల తేడా) దిశే తిరగబడవచ్చు. లోతు నీటిలో బోయ్ (అలలను కొలిచే తేలియాడే పరికరం) చూపిన కోణాన్ని నేరుగా వాడకండి, వక్రీభవనం (లోతు తగ్గేకొద్దీ అలలు దిశ మారడం) లెక్కవేసి విరిగే చోటికి తేవాలి. ఎత్తునూ తేలిగ్గా తీసుకోవద్దు: రవాణా దాని 2.5వ ఘాతంతో పెరుగుతుంది, 10 శాతం పొరపాటు 27 శాతం అవుతుంది.

ప్రశ్న: మోడల్‌లో తీరాన్ని విభజించిన గడి పొడవు 50 మీటర్ల నుంచి 25కు తగ్గించగానే తీరరేఖ రంపపు పళ్లలా వస్తోంది. ఎందుకు?

జవాబు: మీది ఎక్స్‌ప్లిసిట్ పద్ధతి (ప్రతి అడుగునూ ముందటి అడుగు విలువలతోనే లెక్కించేది) అయితే కాలవిరామం, అంటే ఒక్కో అడుగు కాలం, గడి పొడవు వర్గానికి అనుగుణంగా తగ్గాలి. గడి సగమైతే విరామం నాలుగో వంతు కావాలి.

ప్రశ్న: సెర్క్ సూత్రంలో ఇసుక రేణువు సైజే లేదు. అక్కర్లేదా?

జవాబు: కావాలి. 1991 నాటి కాంఫుయిస్ సూత్రంలో అది ఉంది. అందులో రేణువు 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్లకు పెరిగితే రవాణా 16 శాతం తగ్గుతుంది. బీచ్ వాలు, అలల వ్యవధి కూడా అందులో చేరతాయి. నమూనాలు దిబ్బల మీద కాకుండా అలలు విరిగే మేర నుంచి తీసి జల్లెడ పట్టండి. గులకరాళ్ల తీరమైతే మామూలు సెర్క్ గుణకాన్ని వాడకండి.