తెలుగు ఎస్సెమ్మెస్: "విచ్చేయండి"కి పది, "రండి"కి నాలుగు

"బట్టల షాపు కస్టమర్లకు పండగ ఆఫర్ తెలుగులో ఎస్సెమ్మెస్ పంపితే బిల్లు మూడింతలైంది, జనమూ రాలేదు. ఇంగ్లీషులోకి మారాలా?" అని ఒక షాపు యజమాని అడిగారు. అక్కర్లేదు. ముందు నోటీసు తెలుగు మానండి.

ప్రతి పండక్కీ ఫోన్లో పడే సరుకు ఇదీ:

శుభవార్త! దీపావళి పర్వదినాన్ని పురస్కరించుకుని మా షోరూమ్ నందు సరికొత్త కలెక్షన్లపై ప్రత్యేక తగ్గింపు ధరలు అందుబాటులో కలవు. తప్పక విచ్చేయండి.

ఇంగ్లీషు మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగుకి 70. దాటితే ముక్కలవుతుంది. ముక్కల్ని మళ్లీ అతికించే సమాచారానికి కొంత పోయి ముక్కకి 67 మిగులుతాయి, ప్రతి ముక్కకీ ఒక క్రెడిట్, అంటే ఒక మెసేజ్ ఖర్చు. పైగా గుడి, కొమ్ము, సున్నా విడివిడిగా ఒక్కొక్కటి. వత్తుకైతే రెండు. "ప్రత్యేక" కంటికి మూడక్షరాలు, బిల్లుకు ఎనిమిది. ఖాళీలతో సహా పై మెసేజ్ 140. రెండు ముక్కల్లో పట్టేది 134. ఆ చివరి ఆరింటి కోసం మూడో క్రెడిట్ కడుతున్నారు. పది పట్టే "విచ్చేయండి" బదులు నాలుగే పట్టే "రండి" అంటే ఆ ఆరూ తగ్గేవి. పదివేల మందికి పంపితే ముప్పైవేల క్రెడిట్లు!

పోనీ, అంత కట్టి చెప్పిందేమిటి? ఏ చీర, ఎంత, ఎప్పటిదాకా, ఎక్కడ, ఒక్కటీ లేదు. "నందు", "కలవు" ఏ ఇంట్లో మాట్లాడతారో నాకైతే తెలీదు. "విచ్చేయండి" శుభలేఖకి అందం. గుంటూరులో షాపు అనుకుంటే ఇలా చాలు:

మంగళగిరి కాటన్ చీర రూ.900. ఆదివారం వరకే. బ్రాడీపేట 4వ లైన్.

59 అయింది. షాపు పేరుకి ఇంకో 11 ఉన్నాయి, మధ్యలో ఖాళీతో కలిపి. పేరు పొడుగైతే "వరకే" జోలికి పోకండి, "కాటన్" తీసేయండి. మంగళగిరి చీరంటే గుంటూరు వాళ్లకి ఇంకేం చెప్పాలి? ధర మాత్రం తీయొద్దు. "50 శాతం వరకు" అని రాస్తే మరీ చేటు. ఆ 50 మూల పడేసిన నాలుగు చీరలకేనని జనానికి ఎప్పుడో తెలుసు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి 160 వాడుకోమని ఎస్సెమ్మెస్‌లు పంపిపెట్టే ఏజెంట్లు చెబుతారు. అందులో "పది", "పడి" ఒకలాగే ఉంటాయి. పైగా అందులో ఒక్క రూపాయి గుర్తు పెట్టారో, మెసేజ్ మొత్తం 70 లెక్కలోకి జారిపోతుంది. వర్డ్ ఫైల్లోంచి కాపీ చేసినప్పుడు వచ్చే వంకర కొటేషన్ మార్కులూ అంతే.

ఇంకోటి. వ్యాపార మెసేజ్‌ల నమూనాను ముందే నమోదు చేయించే వ్యవస్థ డీఎల్టీ. అందులో రిజిస్టర్ చేసిన టెంప్లేటూ (నమూనా), మీరు పంపేదీ, మార్చుకోడానికి వదిలిన ఖాళీలు తప్ప, అచ్చంగా ఒకటే కావాలి. "షోరూమ్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కీబోర్డు కంటికి కనబడని అక్షరం ఒకటి పెడుతుంది, దానికీ లెక్క ఉంది. వాట్సాప్‌లో నుంచి తెచ్చి అతికించినప్పుడో, మళ్లీ టైప్ చేసినప్పుడో అది తేడా వస్తే, చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నా మెసేజ్ ఆగిపోతుంది. అందుకే "షోరూమ్‌లో" బదులు "షాపులో" అని రాయండి.